ఒక కంట్లో వెన్న... ఒక కంట్లో సున్నం

ఫార్ములా వన్ రేసు దగ్గర పడుతోందంటే సింగపూర్‌లో మా ఆఫీసు దారి మారిపోతుంది. సిటీ హాల్ స్టేషన్ నుంచి పడాంగ్ మైదానం పక్కగా నడిచే దారంతా ఇనుప కంచెలు, కాంక్రీటు దిమ్మెలు, ఎత్తయిన దీపాల స్తంభాలు వచ్చేస్తాయి. మామూలు రోజుల్లో బస్సులు తిరిగే రోడ్డే ఆ మూడు రోజులూ రేసు ట్రాక్ అవుతుంది.

నిరుడు ఓ సాయంత్రం మా అబ్బాయితో కలిసి ఆ కంచెల పక్కనుంచి నడుస్తున్నాను. వాడికి పదమూడేళ్లు. క్రికెట్ తర్వాత రేసులంటేనే పిచ్చి. ఉన్నట్టుండి అడిగాడు. ‘‘నాన్నా, 2008లో ఇక్కడ కావాలనే కారు గోడకి గుద్దించారట కదా! మరి ఆ రేసు గెలిచినాయన పేరు రికార్డుల్లో ఇంకా అలాగే ఎందుకుంది?’’

ఆ రేసు నేను చూశాను. అందుకే ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టాను. ఎవరిని నిషేధించారో, ఎవరిని వదిలేశారో చెబుతుంటే వాడు మధ్యలో ఆపి ఇంకో ప్రశ్న వేశాడు. ‘‘మరి మన గ్రౌండ్‌లో అన్నని ఏడాది ఆపేశారు. అంకుల్‌ని ఎందుకు ఆపలేదు?’’

మొదటి ప్రశ్నకి సమాధానం చెప్పగలిగాను. రెండో ప్రశ్నకి చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ నిర్ణయం తీసుకున్న ముగ్గురిలో నేనూ ఒకడిని.

ఆ రాత్రి పడాంగ్‌లో...

2008 సెప్టెంబరు 28. ఫార్ములా వన్ చరిత్రలోనే తొలి రాత్రి రేసు. నేను సింగపూర్ వచ్చి అప్పటికి ఏడాది దాటింది. మిత్రుడితో కలిసి అన్నిటికంటే చవక టికెట్ కొనుక్కుని పడాంగ్ దగ్గర నిలబడ్డాను. చెవుల్లో దూది పెట్టుకున్నా ఇంజిన్ల హోరు గుండెల్లో వినిపించింది. కారు కళ్ల ముందు నుంచి క్షణంలో మాయమయ్యేది. అసలు ఏం జరుగుతోందో పెద్ద తెర మీద చూసుకోవాల్సి వచ్చేది.

అప్పట్లో రేసు మధ్యలో ఇంధనం నింపుకోవడానికి కార్లు పిట్‌లోకి రావాల్సిందే. ట్రాక్ మీద ప్రమాదం జరిగితే సేఫ్టీ కార్ వస్తుంది. అందరూ దాని వెనక నెమ్మదిగా నడవాలి. అప్పటిదాకా సంపాదించుకున్న దూరమంతా కరిగిపోతుంది. అంతకు ముందే పిట్‌కి వెళ్లొచ్చినవాడికి మాత్రం పంట పండినట్టే.

ఆ రాత్రి రెనో జట్టు డ్రైవర్ ఫెర్నాండో అలోన్సో పదిహేనో స్థానంలో మొదలుపెట్టి, అందరికంటే ముందుగా పిట్‌కి వెళ్లొచ్చాడు. కాసేపటికే అదే జట్టు రెండో డ్రైవర్ నెల్సన్ పికే జూనియర్ 17వ మలుపు దగ్గర గోడకి గుద్దేశాడు. సేఫ్టీ కార్ వచ్చింది. లెక్కలన్నీ తారుమారయ్యాయి. అప్పటిదాకా ముందున్న ఫెరారీ డ్రైవర్ ఫెలిపె మాసా హడావిడిగా పిట్‌కి వెళ్లి, ఇంధనం గొట్టం ఊడకముందే బయల్దేరాడు. గొట్టాన్ని ఈడ్చుకుంటూ పోతున్న ఆ కారుని తెర మీద చూసి మేమంతా నవ్వాం. చివరికి అలోన్సో గెలిచాడు. మాసా పదమూడో స్థానంలో మిగిలాడు. ‘అదృష్టమంటే అలోన్సోదే’ అనుకుంటూ ఇంటికొచ్చాం.

అది అదృష్టం కాదని తెలియడానికి దాదాపు ఏడాది పట్టింది. 2009లో సీజన్ మధ్యలో రెనో జట్టు పికేని తప్పించింది. ఆ తర్వాత అతను అసలు సంగతి బయటపెట్టాడు. జట్టు పెద్దలు చెబితేనే, చెప్పిన చోట, చెప్పిన ల్యాప్‌లో కావాలని గుద్దానన్నాడు. గంటకి వందల కిలోమీటర్ల వేగంతో వెళ్లే కార్లు, పక్కనే జనం, ట్రాక్ పక్కన వాలంటీర్లు. ఎవరి ప్రాణమైనా పోయి ఉండేది.

శిక్ష ఎవరికి? ఎంత?

2009 సెప్టెంబరు 21న అంతర్జాతీయ మోటార్ క్రీడల సమాఖ్య ఎఫ్ఐఏ తీర్పు చెప్పింది. రెనో జట్టుకి వేసిన బహిష్కరణ శిక్షని 2011 చివరిదాకా వాయిదాలో పెట్టింది. అంటే మళ్లీ అలాంటి తప్పు చేస్తేనే అమలవుతుంది. జట్టు అధిపతి ఫ్లావియో బ్రియాటోరెకి గడువు లేని నిషేధం. ఇంజినీరింగ్ అధిపతి పాట్ సైమండ్స్‌కి అయిదేళ్లు. నిజం చెప్పిన పికేకి మినహాయింపు. ఈ కుట్రతో అలోన్సోకి సంబంధం లేదని తేల్చారు. కాబట్టి గెలుపు అతని పేరు మీదే ఉండిపోయింది. మా అబ్బాయి మొదటి ప్రశ్నకి జవాబు ఇదే.

మరి మాసా సంగతి? ఆ ఏడాది ప్రపంచ చాంపియన్ టైటిల్‌ని అతను ఒకే ఒక్క పాయింటు తేడాతో లూయిస్ హామిల్టన్‌కి వదులుకున్నాడు. హామిల్టన్‌కి 98, మాసాకి 97. సింగపూర్ ఫలితం రద్దయి ఉంటే లెక్క వేరేలా ఉండేది. కానీ ఏడాది చివర బహుమతులు ఇచ్చేశాక ఫలితాలు మార్చకూడదన్నది నియమం. కుట్ర సంగతి 2008లోనే తమకు తెలుసునన్నట్టు ఫార్ములా వన్ మాజీ అధిపతి బెర్నీ ఎకిల్‌స్టన్ 2023లో ఓ ఇంటర్వ్యూలో మాట్లాడారని వార్తలొచ్చాయి. దాంతో మాసా 2024లో లండన్ హైకోర్టుకెక్కాడు. పదహారేళ్ల తర్వాత కూడా ఆ రాత్రి తగిలిన దెబ్బ మానలేదు.

ఇక బ్రియాటోరె. తనకే పాపం తెలియదంటూ ఆయన పారిస్‌లో కోర్టుకి వెళ్లాడు. 2010 జనవరి 5న ఆ కోర్టు నిషేధాన్ని కొట్టేసింది. ఎఫ్ఐఏ లైసెన్సు తీసుకున్న డ్రైవర్ల లాంటివాళ్లని ఆ సంస్థ శిక్షించవచ్చు. లైసెన్సే లేని మనిషిని శిక్షించే అధికారం ఏ నిబంధనలో ఉందన్నది ప్రశ్న. పైగా ఎఫ్ఐఏ అధ్యక్షుడికీ బ్రియాటోరెకీ పడదన్నది లోకమంతటికీ తెలుసు. అలాంటి మనిషి తీర్పులో కూర్చోవచ్చా? బ్రియాటోరెకి 15 వేల యూరోల పరిహారం కూడా ఇప్పించారు. చివరికి రెండు పక్షాలూ రాజీకొచ్చి, 2012 చివరిదాకా ఆయన దూరంగా ఉండేలా ఒప్పుకున్నాయి. 2024లో అదే బ్రియాటోరె, రెనో సంస్థదే అయిన ఆల్పీన్ జట్టుకి సలహాదారుగా తిరిగొచ్చాడు.

కారు గుద్దించమనడం న్యాయమేనని ఆ కోర్టు అనలేదు. శిక్షించిన పద్ధతి తప్పంది. తప్పు ఎంత పెద్దదైనా, శిక్ష వేసే దారి సరిగ్గా లేకపోతే ఆ శిక్ష నిలబడదు.

ఇదే సంస్థ అంతకు ముందు ఏడాది ఏం చేసిందో చూస్తే ఇంకా ఆశ్చర్యం వేస్తుంది. 2007లో ఫెరారీ రహస్య పత్రాలు దాదాపు 780 పేజీలు మెక్‌లారెన్ జట్టులోని ఓ పెద్ద ఉద్యోగి దగ్గర దొరికాయి. మెక్‌లారెన్‌కి 10 కోట్ల డాలర్ల జరిమానా. జట్ల టైటిల్ పోటీలో పాయింట్లన్నీ రద్దు. అదే ఏడాది మెక్‌లారెన్ సమాచారం రెనో దగ్గర దొరికింది. నియమం ఉల్లంఘించారని డిసెంబరులో తేల్చారు. శిక్ష మాత్రం వేయలేదు. పోటీ మీద ప్రభావం చూపినట్టు రుజువు లేదన్నారు. రెండు కేసుల మధ్య తేడాలు ఉండొచ్చు. కానీ ఒకరికి పది కోట్ల డాలర్లు, ఇంకొకరికి సున్నా అంటే, చూసే జనానికి గుర్తుండేది ఆ తేడాలు కాదు. ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం పెట్టారనే.

మన హైదరాబాదీ కథ

పారిస్ తీర్పు చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మన అజారుద్దీన్. ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీలు కొట్టిన మణికట్టు మాంత్రికుడు. మా తరం హైదరాబాద్ పిల్లలు టీషర్టు కాలరు పైకి లేపి తిరిగింది ఆయన్ని చూసే.

2000 సంవత్సరంలో మ్యాచ్ ఫిక్సింగ్ గొడవ బయటపడింది. సీబీఐ నివేదిక ఇచ్చింది. ఆ ఏడాది డిసెంబరు 5న బీసీసీఐ ఆయనపై జీవితకాల నిషేధం విధించింది. అప్పటికి ఆయన 99 టెస్టులు ఆడారు. చివరి టెస్టులోనూ సెంచరీ ఉంది. నూరో టెస్టు ఇక రాలేదు.

తాను తప్పు చేయలేదని ఆయన మొదటి నుంచీ చెప్పారు. దిగువ కోర్టులో ఓడిపోయినా హైకోర్టుకి వెళ్లారు. 2012 నవంబరు 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చట్టవిరుద్ధమని కొట్టేసింది. నిషేధం పడ్డప్పుడు ఆయన వయసు 37. అది తొలగేసరికి 49. ఆ వయసులో ఎవరు ప్యాడ్లు కట్టుకుంటారు? అదే గొడవలో అయిదేళ్ల నిషేధం పడ్డ అజయ్ జడేజాకి ఢిల్లీ హైకోర్టులో 2003లోనే ఊరట దొరికింది.

ఇందులో ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్న వాదన మన ఇళ్లలో ఇప్పటికీ తెగలేదు. మా బాబాయి ముందు అజార్ పేరెత్తితే భోజనం చల్లారిపోతుంది. నా బాధ వేరు. ఆయన తప్పు చేసి ఉంటే, పద్ధతి ప్రకారం రుజువు చేసి శిక్షించలేకపోయారు. చేయకపోయి ఉంటే, పన్నెండేళ్లు ఊరికే పోయాయి. రెండిట్లో ఏది నిజమైనా ఓడిపోయింది ఆటే.

మన వార్నర్ సంగతి మరీ తాజాది. 2018 మార్చిలో కేప్‌టౌన్‌లో బంతిని సాండ్‌పేపర్‌తో రుద్దిన వ్యవహారం. ఐసీసీ వేసింది కెప్టెన్ స్మిత్‌కి ఒక మ్యాచ్ నిషేధం, బంతి రుద్దిన బాన్‌క్రాఫ్ట్‌కి జరిమానా. ఆస్ట్రేలియా బోర్డు మాత్రం స్మిత్‌కీ వార్నర్‌కీ ఏడాది, బాన్‌క్రాఫ్ట్‌కి తొమ్మిది నెలలు వేసింది. వార్నర్ ఇక ఎప్పటికీ కెప్టెన్ కాకూడదంది. ఆ ఏడాది ఐపీఎల్‌లోనూ ఆడనివ్వలేదు. మన సన్‌రైజర్స్‌ని విలియమ్సన్ నడిపించాల్సి వచ్చింది. వార్నర్ కెప్టెన్సీ నిషేధం 2024లో గానీ పోలేదు.

సరే, బంతి పాడుచేయడం తప్పే. కానీ 2016లో దక్షిణాఫ్రికా కెప్టెన్ డుప్లెసీ నోట్లో చప్పరింపు బిళ్ల పెట్టుకుని ఆ ఉమ్మితో బంతిని మెరిపించాడని తేలితే, ఒక మ్యాచ్ ఫీజు జరిమానాతో సరిపెట్టారు. సాండ్‌పేపర్ ముందుగా పథకం వేసి జేబులో తెచ్చుకున్నది కాబట్టి తీవ్రత ఎక్కువే. అయినా ఒకచోట మ్యాచ్ ఫీజు, ఇంకోచోట ఏడాది జీవనాధారం. శిక్షకి కొలబద్ద నియమమా, టీవీలో చూసిన జనం కోపమా అన్న అనుమానం రాక మానదు.

డల్లాస్ బావమరిది వాదన

మా బావమరిది డల్లాస్‌లో ఉంటాడు. అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్‌కి వీరాభిమాని. ఆదివారం ఆట ఉందంటే మా చెల్లెలు ఫోన్ చేసినా ఎత్తడు. ఈ సంగతులు చెబితే ఆయన పెద్దగా నవ్వాడు. ‘‘బావా, మా ఎన్ఎఫ్ఎల్ ముందు మీవన్నీ చిన్న పిల్లల తగవులు’’ అంటూ రెండు కథలు చెప్పాడు.

మొదటిది 2014లో. రే రైస్ అనే ఆటగాడు కాబోయే భార్యని కొట్టిన కేసులో లీగ్ అతన్ని రెండు మ్యాచ్‌లు ఆపింది. జనం భగ్గుమన్నారు. తాను సరిగ్గా చేయలేదని లీగ్ కమిషనర్ రోజర్ గుడెల్ ఒప్పుకుని, ఇకపై ఇలాంటి తప్పుకి ఆరు మ్యాచ్‌లు అన్నాడు. ఆ తర్వాత లిఫ్టు లోపలి వీడియో బయటికొచ్చింది. వెంటనే అతన్ని నిరవధికంగా నిషేధించారు. ఒకే తప్పుకి రెండుసార్లు శిక్ష ఎలా వేస్తారంటూ విచారణ జరిపిన మాజీ జడ్జి ఆ నిషేధాన్ని కొట్టేశారు. ఆ ఆటగాడు మళ్లీ ఏ జట్టుకీ ఆడలేదు, అది వేరే సంగతి. తప్పు ఘోరమైనదే. మొదట మెత్తగా, తర్వాత కోపంగా వేసిన శిక్ష నిలబడలేదు.

రెండోది ఆ మరుసటి ఏడాది. బంతుల్లో గాలి తగ్గించిన వ్యవహారంలో పాత్ర ఉందంటూ టామ్ బ్రేడీని నాలుగు మ్యాచ్‌లు ఆపారు. మహిళని కొడితే మొదట రెండు మ్యాచ్‌లు, బంతిలో గాలి తగ్గితే నాలుగా అని అమెరికా అంతా అడిగింది. పైగా శిక్ష లీగ్ కార్యాలయానిదే, దాని మీద అప్పీలు విన్నదీ ఆ కార్యాలయం అధిపతి గుడెల్‌నే. ఓ జడ్జి శిక్ష రద్దు చేశారు. 2016లో పై కోర్టు దాన్ని మళ్లీ నిలబెట్టింది. ఆటగాళ్ల సంఘం లీగ్‌తో చేసుకున్న ఒప్పందమే కమిషనర్‌కి ఆ అధికారం ఇచ్చిందన్నది పై కోర్టు మాట. అంటే సంతకం పెట్టినప్పుడే చదువుకోవాలన్నమాట!

2020 ఒప్పందంలో కొంత మార్చారు. ప్రవర్తన కేసుల్ని మొదట లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి నియమించిన అధికారి వింటారు. అప్పీలు మాత్రం ఇప్పటికీ కమిషనర్ చేతిలోనో, ఆయన చెప్పిన మనిషి చేతిలోనో ఉంటుంది.

‘‘మీ దగ్గర వేల కోట్ల వ్యాపారం, లాయర్లు, కోర్టులు ఉన్నాయి. అయినా ఇంతేనా?’’ అన్నాను.

‘‘మీ దగ్గర ఏమున్నాయి బావా?’’ అన్నాడు.

మా దగ్గర ఒక వాట్సాప్ గ్రూపు ఉంది.

ఆదివారం మైదానంలో జరిగింది

సింగపూర్‌లో మేం కొందరం తెలుగువాళ్లం కలిసి ఆదివారాలు క్రికెట్ ఆడుకుంటాం. బ్యాంకుల్లో, ఐటీ కంపెనీల్లో పనిచేసేవాళ్లతో పాటు షిప్‌యార్డుల్లో, కట్టడాల దగ్గర పనిచేసే కుర్రాళ్లూ ఉన్నారు. వాళ్లలో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన ఒక కుర్రాడు బంతి వేస్తే చూడాలి. పాదాల దగ్గర పడే యార్కర్. మా అబ్బాయికి ఆ బంతి వేయడం నేర్పింది అతనే. అందుకే వాడికి ‘అన్న’.

ఒక సెమీఫైనల్లో ఆ కుర్రాడిని కీపర్ క్యాచ్ అవుటిచ్చారు. బంతి బ్యాటుకి తగల్లేదని అతని వాదన. కోపంలో బ్యాటుతో వికెట్లని కొట్టి వెళ్లిపోయాడు. ఎవరినీ ఏమీ అనలేదు. ఆ రాత్రే మా ముగ్గురు సభ్యుల కమిటీ ఫోన్లో మాట్లాడుకుంది. ‘క్రమశిక్షణ లేకపోతే ఎలా?’ అన్నారు ఒకరు. ‘ఒకడికి గట్టిగా వేస్తే మిగతావాళ్లకి బుద్ధొస్తుంది’ అన్నారు ఇంకొకరు. నేను ‘సరే’ అన్నాను. ఏడాది నిషేధం. ఆ కుర్రాడిని ఏం జరిగిందని ఎవరమూ అడగలేదు. గ్రూపులో మెసేజి పెట్టేశాం.

మూడు వారాల తర్వాత ఇంకో మ్యాచ్. మాలో పెద్ద ఉద్యోగం చేసే ఒకాయన, బంతులూ ట్రోఫీలూ ఏటా తన ఖర్చుతో ఇచ్చే మనిషి, ఎల్బీడబ్ల్యూ ఇచ్చినందుకు అంపైర్‌ని పిల్లల ముందే బూతులు తిట్టి గ్లవ్స్ విసిరికొట్టాడు. ఆ రాత్రి కమిటీ సమావేశం జరగలేదు. నేనే ఫోన్ చేసి ‘‘కాస్త చూసుకోండి సార్, పిల్లలున్నారు’’ అన్నాను. ‘‘సారీ అండీ, టెన్షన్‌లో ఉన్నాను’’ అన్నారాయన. కథ ముగిసింది.

నాకు అప్పుడు అందులో తప్పేమీ కనిపించలేదు. అబద్ధమెందుకు, కనిపించింది. కానీ వచ్చే ఏడాది బంతులకి డబ్బు ఎవరిస్తారన్నది ఇంకా స్పష్టంగా కనిపించింది.

మా అబ్బాయి అడిగాక రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఆదివారం ఆ కుర్రాడికి ఫోన్ చేసి లిటిల్ ఇండియాలో కలిశాను. సెరంగూన్ రోడ్డు మీద ఓ హోటల్లో టీ తాగుతూ, ‘‘ఏడాది బాగా ఎక్కువైపోయింది తమ్ముడూ, నీకు కోపం వచ్చి ఉంటుంది’’ అన్నాను. అతను కప్పు వైపే చూస్తూ మెల్లగా అన్నాడు. ‘‘ఆపీసినందుకు కాదన్నా బాధ. కొట్టేను, తప్పే. గ్రూపులో నన్నేమో ‘వాడు’ అని రాసేరు. ఆయన్నేమో ‘సార్ గారు’ అన్నారు. ఆట ఒకటే కదేటి?’’

ఫోన్ తీసి పాత మెసేజి వెతికాను. ‘వాడిని ఏడాది ఆపుతున్నాం’ అని ఉంది. రాసింది నేనే.

వారానికి ఆరు రోజులు ఎండలో ఇనుము మోసి, ఉన్న ఒక్క సెలవు రోజు డార్మిటరీ నుంచి బస్సూ రైలూ మారి వచ్చే మనిషికి ఆ మూడు గంటల ఆట ఎంత విలువైనదో ఆలోచించలేదు. మాకు ఏడాది నిషేధమంటే ఇంకో గోల్ఫో, ఇంకో సినిమానో. అతనికి ఆదివారమే పోయింది. శిక్ష అంకెల్లో ఒకటే అయినా, భరించేవాళ్లకి ఒకటి కాదు.

ఒక పేజీ నియమాలు

సింగపూర్‌లో రైలెక్కితే ఓ బోర్డు కనిపిస్తుంది, మీలో ఇక్కడికి వచ్చినవాళ్లు చూసే ఉంటారు. పొగ తాగితే 1000 డాలర్లు. తింటే, తాగితే 500. మండే వస్తువులు తెస్తే 5000. జరిమానాల దేశమని మనం జోకులేసుకుంటాం గానీ, ఆ బోర్డులో ఒక మర్యాద ఉంది. తప్పు చేయకముందే వెల చెబుతుంది. ఎక్కినవాడు కూలీయా, కంపెనీ యజమానా అని అడగదు. అదే బోర్డు మీద డూరియన్ పండు బొమ్మ కింద మాత్రం అంకె ఉండదు. మా కమిటీ నియమాలన్నీ ఆ డూరియన్ బొమ్మ లాంటివే. తప్పని తెలుసు, వెల తెలియదు.

కాబట్టి అంకెలు రాయడానికి కూర్చున్నాం. కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. క్రికెట్‌లో ఐసీసీ తప్పుల్ని నాలుగు స్థాయిలుగా విడగొట్టింది. ప్రతి తప్పుకీ డీమెరిట్ పాయింట్లు పడతాయి. 24 నెలల్లో నాలుగైతే నిషేధం తప్పదు. ఫార్ములా వన్‌లోనూ 12 నెలల్లో డ్రైవర్‌కి 12 పెనాల్టీ పాయింట్లు పడితే ఒక రేసు ఆడకూడదు. 2024లో మాగ్నుసెన్‌కి అదే జరిగింది. అతనెవరి స్నేహితుడో చూడలేదు, పాయింట్లు కూడారు అంతే. మేమూ ఆ దారే పట్టాం. మా పేజీలో ఉన్నవి అయిదే.

ఒకటి, ఏ తప్పుకి ఎన్ని మ్యాచ్‌లో సీజన్ మొదలవకముందే అందరికీ తెలియాలి. వికెట్లని కొడితే ఒక మ్యాచ్. అంపైర్‌ని తిడితే రెండు. చేయి చేసుకుంటే సీజనంతా. రెండు, శిక్షకి ముందు అతను చెప్పేది వినాలి, అదీ మర్నాడు, వేడి తగ్గాక. మూడు, తన జట్టు వాడి కేసులో కమిటీ సభ్యుడు కూర్చోకూడదు. నాలుగు, అప్పీలు వినేది కమిటీలో లేని మనిషి. అయిదు, నిర్ణయం గ్రూపులో పెట్టేటప్పుడు అందరినీ ‘గారు’ అనే రాయాలి.

అయిదోది చూసి కొందరు నవ్వారు. నాకు మాత్రం మిగతా నాలుగిటి కంటే అదే ముఖ్యం. మన భాషలో మనిషిని పిలిచే పిలుపులోనే తీర్పు సగం అయిపోతుంది. ‘వాడు చేశాడు’ అనగానే దొంగ. ‘ఆయన చేశారు’ అనగానే ఏదో పొరపాటు.

ఒక చిక్కొచ్చింది. కొత్త నియమం ప్రకారం ఆ పెద్దాయనకి రెండు మ్యాచ్‌ల శిక్ష వేయాలని కుర్రాళ్లు అడిగారు. చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. అప్పటికి రాసి లేని నియమాన్ని వెనక్కి లాగి వేయడం కూడా అన్యాయమే. కాబట్టి ఆయనకి వేయలేదు. కుర్రాడి నిషేధాన్ని మాత్రం ఎత్తేశాం. గ్రూపులో నా పేరుతో క్షమాపణ రాశాను. ఆ పెద్దాయన నొచ్చుకుని తర్వాతి సీజన్ రాలేదు. బంతులు మేమే తలా పది డాలర్లు వేసుకుని కొంటున్నాం. ఆట ఆగలేదు.

కానీ ఆ కుర్రాడు ఆడలేదు. క్షమాపణ మెసేజి పెట్టేసరికి అతని పర్మిట్ గడువు ముగిసింది. ఇంటికెళ్లిపోయాడు. అజార్ నూరో టెస్టు లాగే, అతని చివరి ఆదివారాలు మేం తిరిగివ్వలేం. సరిదిద్దుకున్నాం అని మేం చెప్పుకోవచ్చు. మాసా ఎందుకింకా కోర్టు మెట్లెక్కుతున్నాడో ఇప్పుడు నాకు కొంచెం అర్థమవుతోంది.

మన పిల్లలు చూస్తున్నారు

డల్లాస్, దుబాయ్, మెల్‌బోర్న్... మీరెక్కడున్నా మీ ఊళ్లోనూ ఇలాంటి ఆదివారం లీగ్ ఒకటి ఉంటుంది. ఉగాది ఆటల పోటీలు, సంక్రాంతి ముగ్గుల పోటీలు, పిల్లల పద్యాల పోటీలు ఉంటాయి. నిర్వాహకుడి కూతురికి ఒక నిమిషం ఎక్కువ, ఆలస్యంగా వచ్చిన దాత గారి అబ్బాయికి మళ్లీ అవకాశం ఇవ్వడం మనకి చిన్న సర్దుబాటు. పక్కన నిలబడ్డ పిల్లకి అది జీవితాంతం గుర్తుండే పాఠం. మనమేమో పరాయి దేశంలో మన పిల్లలకి అన్యాయం జరగకూడదని స్కూళ్ల చుట్టూ తిరుగుతాం. మనవాళ్ల మధ్య మాత్రం తక్కెడ సరిచూడం.

ఈ సీజన్‌లో మా జట్టు కుర్రాడొకడు అంపైర్ మీద నోరు పారేసుకున్నాడు. నియమం ప్రకారం నేను బయట కూర్చున్నాను. రెండు మ్యాచ్‌లు వేశారు. ఒకటి చాలేమో అనిపించింది. నోరు మూసుకున్నాను. ఆ రెండు మ్యాచ్‌లూ ఓడిపోయాం. ఇంటికొచ్చేటప్పుడు మా అబ్బాయి ఏమీ అడగలేదు. అదే నాకు పెద్ద బహుమతి.

పోయిన వారం మా పేజీని ఫొటో తీసి శ్రీకాకుళంలో ఉన్న ఆ కుర్రాడికి పంపాను. చాలాసేపటికి జవాబొచ్చింది.

‘‘బాగుందన్నా. ఇది పెద్దోళ్లకి కూడానా?’’

‘‘అందరికీ’’ అని రాశాను. ఆ ఒక్క మాట టైపు చేయడానికి సెకను పట్టింది. నిలబెట్టుకోవడానికి ప్రతి ఆదివారం పడుతోంది.